తొలి కాన్పుల లెక్క దవాఖాన గోడ మీద పెట్టించండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, కుటుంబ సంక్షేమ కమిషనర్ గారికి, జిల్లా వైద్యాధికారులకు

నమస్కారం.

నేను రిటైరైన హెడ్ నర్సును. ఉత్తర తెలంగాణ సర్కారు దవాఖానల లేబర్ రూముల్లోనే నా సర్వీసంతా గడిచింది. నేను అడగబోయేది ఒక్కటే, అది ముందే చెప్పేస్తాను. తొలి కాన్పుకు వచ్చినవాళ్లలో ఎంతమందికి పెద్దాపరేషన్ చేశారో, రాష్ట్రంలో కాన్పులు చేసే ప్రతి దవాఖాన లెక్కా పేరుతో సహా మూడు నెలలకోసారి బయటపెట్టండి. సర్కారుదని వదలొద్దు, ప్రైవేటుదని వదలొద్దు. జిల్లా లెక్క, రాష్ట్రం లెక్క మాకు చాలా ఏళ్ల నుంచి వినిపిస్తూనే ఉన్నాయి. వాటితో ఏ గర్భిణికీ పనిలేదు. ఆమెకు కావలసింది తను వెళ్లబోయే దవాఖాన లెక్క.

ఆ పెద్ద లెక్కలు మీకు కంఠతా వచ్చి ఉంటాయి. అయినా ఈ లేఖ చదివే ఇతరుల కోసం రాస్తున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూరు కాన్పుల్లో 60.7 సిజేరియన్లే. దేశంలో ఇంత ఎక్కువ ఇంకే రాష్ట్రంలోనూ లేదు. దేశ సగటు 21.5, పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 42.4. మన ప్రైవేటు దవాఖానల్లో అది 81.5 శాతం, సర్కారు దవాఖానల్లో 44.5. కరీంనగర్ జిల్లా మొత్తం మీద 82.4. అంటే అక్కడ మామూలుగా కన్న తల్లి కోసం వెతుక్కోవాలి.

ఇన్ని కోతలు కోస్తే తల్లులు ఎక్కువగా బతకాలి కదా అని ఎవరైనా అనుకుంటారు. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు మన దగ్గర 43 మంది తల్లులు చనిపోయారు. కేరళలో 19 మంది. కేరళలో ఆపరేషన్లు 38.9 శాతం. అదీ తక్కువేం కాదు, కానీ మనకంటే చాలా తక్కువ. ఒక జనాభాలో సిజేరియన్లు పది శాతం దాటాక తల్లుల మరణాలు గానీ పసిబిడ్డల మరణాలు గానీ ఇంకా తగ్గిన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అదే ప్రకటనలో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని మనవాళ్లు చెప్పడం మరిచిపోతారు. ఫలానా శాతానికి తేవాలని పరుగులు పెట్టొద్దు, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడండి అని. బిహార్‌లో 9.7 శాతమే. అది గొప్పేం కాదు. అక్కడ లక్షకు 118 మంది తల్లులు పోయారు. ఆపరేషన్ అందక పోయే ప్రాణాలు కూడా అందులో ఉంటాయి. కాబట్టి నేను సిజేరియన్‌కు వ్యతిరేకిని కాను. మాయ అడ్డం పడి రక్తం కారుతుంటే, బిడ్డ అడ్డంగా ఉంటే, బొడ్డుతాడు ముందు జారితే థియేటర్‌కు పరుగెత్తించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ క్షణంలో మత్తు డాక్టర్ గుమ్మంలో కనబడితే దేవుడే వచ్చినట్టుంటుంది.

మరి 81 శాతం ఎలా అయింది? మీ శాఖ మీటింగుల్లో తరచూ వినిపించే జవాబు ముహూర్తాలు. పంతుళ్లకు చెప్పి చూద్దాం, ముహూర్తాలు పెట్టొద్దని అడుగుదాం అంటారు. ముహూర్తం పిచ్చి ఉన్న మాట నిజమే. తెల్లవారుజామున నాలుగున్నరకు కోయాలని పట్టుబట్టిన మామగార్లను నేనూ చూశాను. కానీ నేను చూసినంతవరకు ముందు డాక్టరు "ఆపరేషనే చెయ్యాల్సొస్తది, ఈ వారంలో ఎప్పుడైనా రండి" అంటారు. ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు పంచాంగం తీస్తారు. ఎలాగూ కోస్తున్నప్పుడు మంచి గడియలో కొయ్యమని అడగడం వాళ్ల దృష్టిలో తప్పు కాదు. కొయ్యాలన్న నిర్ణయం పంతులు గుమ్మం ఎక్కకముందే జరిగిపోయింది. నిందంతా ఆయన మీదికి తోసేస్తే అసలువాళ్లం అందరం హాయిగా ఉంటాం.

అసలు సంగతి టైము. తొలి కాన్పు నొప్పులకు పది, పన్నెండు గంటలు పట్టడం మామూలు, కొందరికి అంతకంటే ఎక్కువే. ఆపరేషన్ గంటలోపు అయిపోతుంది. జిల్లా కేంద్రంలో, మండల కేంద్రంలో ఉండే నర్సింగ్ హోమ్ ఎలా నడుస్తుందో తలుచుకోండి. ఒక్క గైనకాలజిస్టు, తరచూ ఆమె భర్తే ఇంకో స్పెషలిస్టు, ఇద్దరు ముగ్గురు సిస్టర్లు. ఆ సిస్టర్లలో కాన్పు చేయడం నేర్చుకున్నవాళ్లు ఎందరన్నది అడగకండి. మత్తు డాక్టర్ ఊళ్లో నాలుగైదు దవాఖానలకు తిరుగుతుంటాడు, ఫోన్ చేసి పిలిపించుకోవాలి. పగలంతా ఓపీ చూసిన డాక్టరమ్మ రాత్రంతా ఒక్క పేషెంటు పక్కన కూర్చోవాలి. తెల్లవారి మళ్లీ ఓపీ. రాత్రి రెండింటికి బిడ్డ గుండె చప్పుడు పడిపోతే మత్తు డాక్టర్ దొరుకుతాడో లేదో తెలియదు. అదే సాయంత్రం ఆరింటికి, అందరూ అందుబాటులో ఉన్నప్పుడే కోసేస్తే ఏ భయమూ లేదు. ఆమె స్థానంలో ఉన్న మనిషి ఏం చేస్తుంది? ఆమెను దురాశపరురాలని తిట్టి వదిలేయడం తేలిక. డబ్బు సంగతి లేదని కాదు. ఆపరేషన్ బిల్లు మామూలు కాన్పు బిల్లు కంటే బాగా ఎక్కువ, రూము అద్దె రోజులూ పెరుగుతాయి. పల్లె నుంచి పేషెంటును తీసుకొచ్చిన ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుకు కమీషన్ కూడా ఆ బిల్లులోంచే పోవాలి. కానీ బిల్లులు రెండూ సమానం చేసినా ఆ రాత్రి భయం పోదు. ఒంటరి డాక్టరుతో నడిచే దవాఖానలో నొప్పుల కోసం ఎదురుచూడటమే పెద్ద ఖర్చు.

పైగా దాడుల భయం. బిడ్డకు ఏమన్నా అయితే గంటలో యాభై మంది వచ్చి అద్దాలు పగలగొడతారు. ఆపరేషన్ చేసి ఏదన్నా అయితే "చెయ్యాల్సిందంతా చేసిన్రు" అంటారు. చెయ్యకుండా ఏదన్నా అయితే "ఎందుకు కొయ్యలేదు" అంటారు. ఎందుకు కోశావని ఏ డాక్టరు మీదా రాళ్లు పడ్డట్టు నేను వినలేదు.

ఇక ఇంట్లోవాళ్లకు చెప్పే కారణాలు చూడండి. "మెడకు పేగు చుట్టుకుంది." ఈ మాట వినగానే తండ్రి చేతులు వణుకుతాయి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాడు. నెలలు నిండిన బిడ్డల్లో నలుగురైదుగురిలో ఒకరికి బొడ్డుతాడు మెడ చుట్టూ ఉంటుంది. తల బయటికి రాగానే వేలితో తప్పించడం నర్సింగ్ విద్యార్థికి కూడా నేర్పుతారు. అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. "ఉమ్మనీరు తగ్గింది" అన్నది నిజంగా ప్రమాదం కావచ్చు, కాకపోవచ్చు. ఎంత తగ్గింది, ఎన్నో వారం, బిడ్డ ఎదుగుదల ఎలా ఉంది అన్నవి చూడకుండా స్కానింగ్ కాగితం మీది ఒక్క అంకెతో కోసేవాళ్లున్నారు. "బిడ్డ బరువెక్కువ" అని చెప్పి తీస్తే రెండున్నర కిలోల పాప బయటికొచ్చిన సందర్భాలు ఏ లేబర్ రూము నర్సును అడిగినా చెబుతుంది. స్కానింగ్ బరువు అంచనా మాత్రమే, అటూ ఇటూ తేడా వస్తుంది. "ముప్పై ఏడు వారాలు నిండినయ్, ఇంకెందుకు ఆగడం" అనేది ఇంకొకటి. 39 వారాలకు ముందు నొప్పుల్లేకుండా కోసి తీసిన బిడ్డలకు ఊపిరి ఇబ్బంది ఎక్కువ. వాళ్లలో కొందరు నేరుగా అద్దాల పెట్టెకు పోతారు, దాని బిల్లు వేరే.

"నొప్పులు ముందుకు సాగడం లేదు" అన్నది ఇంకో పెద్ద కారణం. మేం నర్సింగ్ చదివిన రోజుల్లో గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలని నేర్పారు. అంతకంటే నెమ్మదైతే ఏదో తేడా ఉన్నట్టు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ లెక్కను పక్కన పెట్టేసింది. అందరికీ అంత వేగం ఉండదని, అసలైన నొప్పుల దశ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని, అక్కడి నుంచి తొలి కాన్పుకు 12 గంటల దాకా పట్టవచ్చని చెప్పింది. మూడు సెంటీమీటర్ల దగ్గర ఉన్న పిల్లను "ప్రోగ్రెస్ లేదు" అని థియేటర్‌కు పంపడం అప్పటి చదువుతో ఇప్పుడు వైద్యం చేయడమే. ఆ మార్పు గురించి మీ శాఖ ఎన్ని నర్సింగ్ హోములకు చెప్పిందో నాకు ఆసక్తిగా ఉంది.

తల్లులు కూడా అడుగుతున్నారు కదా అంటారు. అడుగుతున్నారు, నిజమే. "మా బిడ్డ నొప్పులు ఓర్చుకోలేదు మేడం, కోసెయ్యండి" అని అమ్మమ్మలే బతిమాలతారు. ఒకే కాన్పులో ఆపరేషన్‌తో పాటు పిల్లలు పుట్టకుండా కుట్టు కూడా వేయించుకుంటే పని అయిపోతుందనే లెక్క ఒకటుంది. ఇద్దరు పిల్లలు చాలనుకునే మన దగ్గర అది చిన్న లెక్క కాదు. కానీ ఆ భయం ఎక్కడ పుట్టిందో కూడా చెప్పుకోవాలి. సర్కారు లేబర్ రూముల్లోనే పుట్టింది. ఒకే గదిలో నలుగురైదుగురు, మధ్యలో తెర లేదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి. అరిస్తే తొడ మీద చరుపు, నోటితో అనరాని మాట. "అప్పుడు తెల్వదా" అనే ఆ ఒక్క మాట ఎంతమంది ఆడపిల్లలను ప్రైవేటుకు, ఆపరేషన్‌కు తరిమిందో ఏ సర్వేలోనూ రాదు. నొప్పి తగ్గించే ఇంజెక్షన్ పెద్దాసుపత్రులు దాటితే దొరకదు. కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. పక్కన నమ్మకమైన తోడుంటే ఆపరేషన్లు తగ్గుతాయని ఎన్నో దేశాల్లో పరిశోధనలు తేల్చాయి. మందు లేదు, మిషన్ లేదు, ఖర్చు లేదు. ఇప్పటికీ చాలా చోట్ల కాన్పుకు వచ్చిన పిల్ల వెంట వచ్చిన ఆమె తల్లిని గేటు బయటే కూర్చోబెడుతున్నారు.

తొలి కాన్పు లెక్కే ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడు చెబుతాను. మన రాష్ట్రంలో ఒకసారి కోస్తే రెండోసారీ కోసినట్టే. అలా ఉండాల్సిన అవసరం లేదు. సరైన తల్లులను ఎంచుకుని, వసతులున్న చోట ప్రయత్నిస్తే మొదటిసారి సిజేరియన్ అయినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మంది రెండోసారి మామూలుగా కనగలరు. పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. ఆ ఒక్కరికి వెంటనే థియేటర్ కావాలి, అందుకే ఎవరూ ప్రయత్నించరు. ఒంటరి డాక్టరున్న దవాఖానలో ప్రయత్నించమని నేనూ అనను. పర్యవసానం ఏమిటంటే, మొదటిది ప్రైవేటులో కోయించుకుని, డబ్బులైపోయి, రెండోదానికి సర్కారు దవాఖానకు వస్తారు. సర్కారులో 44.5 శాతం అని మీ డాక్టర్లను నిలదీసేముందు అందులో పాత కోతలెన్ని, నర్సింగ్ హోములు చివరి గంటలో పంపిన కేసులెన్ని అని అడగండి.

కోత మీద కోత పడ్డకొద్దీ వచ్చే ముప్పు రెండోసారో మూడోసారో బయటపడుతుంది. మాయ పాత కుట్టు మీద అతుక్కుని గర్భసంచి గోడలోకి వేళ్లు దిగినట్టు దిగిపోతుంది. ఒక అమెరికా అధ్యయనం లెక్క ప్రకారం మాయ కింద ముఖద్వారం దగ్గర ఉన్న గర్భిణుల్లో, ఇంతకుముందు ఒక సిజేరియన్ అయి ఉంటే 11 శాతం మందికి, రెండు అయి ఉంటే 40 శాతం మందికి ఇలా జరిగింది. అప్పుడు గర్భసంచే తీసేయాల్సి రావచ్చు, సీసాలకు సీసాలు రక్తం ఎక్కించాల్సి రావచ్చు. ఆ రాత్రి బ్లడ్ బ్యాంకు ముందు పరుగెత్తే మొగుడికి నాలుగేళ్ల కింద తొలి కాన్పు ఎందుకు కోశారో గుర్తుండదు. కోసిన డాక్టరుకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. అందుకే తొలి కోత దగ్గరే లెక్క అడగాలి.

ఇప్పటిదాకా సర్కారు చేసింది లేదని నేను అనడం లేదు. సర్కారు దవాఖానలో కన్న తల్లుల కోసం 2017లో వచ్చిన కేసీఆర్ కిట్, మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు, తల్లులను సర్కారు దవాఖానలకు మళ్లించాయి. గర్భిణులను దవాఖానకు తీసుకెళ్లే అమ్మ ఒడి బండ్లు పల్లె దాకా వచ్చాయి. నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే మామూలు కాన్పు చేయించే శిక్షణ దేశంలో చాలా రాష్ట్రాల కంటే ముందే మనం మొదలుపెట్టాం. శిక్షణ పొందిన అమ్మాయిలు తల్లిని నడిపించి, బంతి మీద కూర్చోబెట్టి, పక్కకు తిప్పి, ఓపిగ్గా కాన్పు చేయించే తీరు చూస్తే మా తరం ఈర్ష్య పడాలి. వాళ్లను తెచ్చి జనరల్ వార్డు డ్యూటీలో వేసే సూపరింటెండెంట్లను మాత్రం మీరే చూసుకోవాలి.

ఒక జాగ్రత్త. ఫలానా నెలకు ఇన్ని మామూలు కాన్పులు అని టార్గెట్లు పెట్టకండి, తలకింత అని ప్రోత్సాహకాలు కట్టకండి. టార్గెట్ పెడితే కొయ్యాల్సిన తల్లిని కూడా ఆపి ఉంచే రాత్రులు వస్తాయి. అప్పుడు చచ్చిన బిడ్డ ఏ లెక్కలోకీ రాడు. లేబర్ రూములో నిర్ణయం తల్లిదీ డాక్టరుదీ కావాలి. కలెక్టరేట్ వీడియో కాన్ఫరెన్స్‌లో చదివే శాతానిది కాకూడదు. నేను అడిగే పట్టికతో బహుమతీ వద్దు, జరిమానా వద్దు. బయటపెట్టండి, అంతే.

దీనికి కొత్త పోర్టల్ అక్కర్లేదు. ప్రతి బిడ్డకూ జనన నమోదు ఫారం నింపుతారు. అందులో గణాంకాల భాగంలో కాన్పు ఎలా జరిగిందో, సహజంగానా, సిజేరియనా, ఫోర్సెప్స్‌తోనా అన్నది టిక్కు పెట్టాలి. గర్భం ఎన్ని వారాలదో, పుట్టినప్పటి బరువెంతో, తల్లి వయసెంతో, ఆమెకు ఇది ఎన్నో బిడ్డో కూడా రాయాలి. నా చేత్తో ఎన్ని నింపానో లెక్కలేదు. సర్టిఫికెట్ ఇచ్చాక ఆ సగం కాగితం సంగతి ఎవరూ పట్టించుకోరు. తొలి కాన్పు, 37 వారాలు నిండినవి, వాటిలో సిజేరియన్ ఎన్ని. ఈ మూడు గళ్లు చాలు, ప్రతి దవాఖాన పేరు పక్కన ఒక వరుస వస్తుంది.

పెద్ద దవాఖానలకు కష్టమైన కేసులు ఎక్కువ వస్తాయి, ఇలా పోల్చడం అన్యాయం అని డాక్టర్ల సంఘాలు అంటాయి. సరైన మాటే. దానికీ దారి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సిఫారసు చేసిన రాబ్సన్ వర్గీకరణ ప్రతి కాన్పునూ పది గుంపుల్లో ఒకదాంట్లో పెడుతుంది. తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి, నెలలు నిండాయి, నొప్పులు వాటంతట అవే వచ్చాయి అన్నది మొదటి గుంపు. నొప్పులు మందుతో తెప్పించినవీ, నొప్పులు రాకముందే కోసినవీ రెండోది. ఏ పెద్ద దవాఖానైనా, ఏ చిన్న నర్సింగ్ హోమైనా ఈ రెండు గుంపుల్లో ఉన్న తల్లుల మధ్య అంత తేడా ఉండదు. ఒక చోట నూటికి ఇరవై, రోడ్డు అవతల నూటికి ఎనభై ఐదు ఉంటే జవాబు చెప్పాల్సింది తల్లి నడుము కాదు. మొదట జనన నమోదు ఫారంతో మొదలుపెట్టి, ఏడాదిలో దీనికి మారండి.

దొంగలెక్కలు రాస్తారన్న అనుమానం మీకు వస్తుంది. జనన నమోదులో రాసింది ఒకటి, నెలనెలా మీకు పంపే రిపోర్టులో ఇంకొకటి ఉంటే ఆ తేడానే ఒక వరుసగా వేయండి.

2017లో ముంబయి మహిళ ఒకరు దవాఖానలు తమ సిజేరియన్ల శాతాన్ని ప్రకటించాలని ఆన్‌లైన్‌లో పిటిషన్ పెడితే అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీ దాన్ని సమర్థించారు. కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకంలో ఉన్న దవాఖానలు బోర్డు పెట్టాలన్న ఆదేశాలూ వెలువడ్డాయి. మన ఊళ్ల నర్సింగ్ హోముల్లో అలాంటి బోర్డు నాకెక్కడా కనబడలేదు. ఫీజుల బోర్డు, పార్కింగ్ బోర్డు, "లింగ నిర్ధారణ నేరం" బోర్డు ఉంటాయి. వాటి పక్కనే ఇదీ పెట్టించండి, తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత అక్షరాలతో.

మొదటి పట్టిక కరీంనగర్ జిల్లాదే వెయ్యండి. సర్కారు మాతాశిశు కేంద్రం పేరు దాంట్లో అన్నిటికంటే పైన ఉండాలి. లేకపోతే ప్రైవేటువాళ్లు మీ మాట వినరు.

ఇట్లు
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు